గొంతు దాచిన అక్షరం

వాళ్లు మొదటిసారి మాట్లాడినప్పుడు నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను.

"ఆ లంగా తిరగేసి ఆరెయ్యి. మేం చూస్తున్నాం" అన్నారు.

పక్కింటివాళ్లేమో అనుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్లి తొంగిచూశాను. పక్కింటికి తాళం వేసి ఉంది. కింద వీధిలో ఐస్ బండివాడు తప్ప ఎవరూ లేరు. వెనక్కి వచ్చి లంగా తిరగేసి ఆరేశాను. రంగు వెలిసిపోకుండా ఉంటుంది కదా, సలహా మంచిదే మరి.

తర్వాత వాళ్లిచ్చిన సలహాలు అంత మంచివి కావు. అన్నంలో ఏదో కలిపారు, తినొద్దన్నారు. క్లాసులో కెమిస్ట్రీ మేడం బోర్డు మీద రాసేదంతా నా గురించేనన్నారు. ఎంతమంది ఉన్నారో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఒక్కోసారి ఇద్దరిలా, ఒక్కోసారి పెళ్లి పందిరంత జనంలా ఉండేవారు. ఎప్పుడు మాట్లాడినా 'మేం' అనే అనేవారు. 'నేను' అన్న మాట వాళ్ల నోట ఒక్కసారి కూడా వినలేదు.

అప్పుడు నేను అనకాపల్లిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పేరు నూకరత్నం. నాన్న బెల్లం మార్కెట్లో కళాసీ, దిమ్మలు మోసే పని. అమ్మ కనకం ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నేను చెవుల్లో దూది కుక్కుకుని తిరుగుతుంటే బంధువులు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. గాలి సోకిందని ఒకరు, పెళ్లి చేసేస్తే అదే కుదురుకుంటుందని ఇంకొకరు. అమ్మ కుట్టుమిషన్ ఆపి ఒకటే మాట అంది.

"దాని బుర్రకి జొరవొచ్చింది. జొరవొస్తే డాట్రు దగ్గరికెల్తాం గానీ పురోయితుడి దగ్గరికెల్తావేటి?"

ఆ మాటన్నందుకు మా అమ్మకి ఎన్ని జన్మలెత్తి దణ్ణం పెట్టినా చాలదు. నాలాంటి వాళ్లలో చాలామందికి ఆ మాట అనేవాళ్లు లేక ఏళ్లు గడిచిపోయాయని నాకు తర్వాత తెలిసింది.

విశాఖపట్నంలో డాక్టర్ జోగారావు గారు మమ్మల్ని చూసి, జబ్బు తొలిదశలోనే తీసుకొచ్చారు, మంచి పని చేశారన్నారు. మాత్రలు రాశారు. మాత్రలతో పెళ్లి పందిరి కాస్తా అరుగు మీద కూర్చున్న నలుగురి స్థాయికి దిగింది. ఆ నలుగురు మాత్రం కదల్లేదు. అప్పుడు డాక్టరు గారు తమ పరిశోధనశాలలో కొత్త పరికరం ఒకటి తయారవుతోందనీ, ఇష్టమైతే చేరమనీ అడిగారు. ముందు నన్నొక చిత్రమైన పని చేయమన్నారు.

"నీ అరచేతిలో నువ్వే చక్కిలిగింత పెట్టుకో చూద్దాం."

పెట్టుకున్నాను. కితకితలు పుట్టి కిసుక్కున నవ్వాను. అమ్మ కూడా తన అరచేతిలో వేలితో గీరుకుంది. మళ్లీ గీరుకుంది.

"నాకు రానేదేటి బాబూ?"

"రాకూడదమ్మా. మన చెయ్యి కదిలే ముందే 'ఇది నా పనే' అని మెదడు తనకి తాను కబురు పెట్టుకుంటుంది. అందుకే మనకి మనం పెట్టుకుంటే చక్కిలిగింత రాదు. మనసులో మాట్లాడుకున్నప్పుడు కూడా అలాంటి కబురే వెళ్లాలి. మీ అమ్మాయికి అది ఆలస్యంగా వెళ్తోంది. ఈలోగా తన మాటే తనకి పరాయివాళ్ల మాటలా వినిపిస్తోంది."

"అంటే ఆలు ఎవులూ నేరా?"

"ఉన్నారమ్మా. రత్నమే ఉంది."

నేను నమ్మలేదు. నేనంత దరిద్రంగా మాట్లాడతానని ఎవరైనా అంటే ఎలా నమ్ముతాను?

పరికరం తయారుచేసినావిడ పేరు షకీలా. గుంటూరు మనిషి, మాట ఎలా పుడుతుందన్నదే ఆవిడ చదువంతా. 'మేడం' అంటే పలికేది కాదు, 'అక్కా' అనమనేది. మెత్తని పట్టీ ఒకటి నా మెడకి కట్టింది, చెవి వెనక బొత్తాం లాంటిది అతికించింది. మనసులో మాట్లాడుకున్నప్పుడు కూడా గొంతు కండరాలు కంటికి కనపడనంత కదులుతాయట. ఆ కదలికను పట్టీ పట్టుకుని, మాట వినపడకముందే చెవి వెనక 'టక్' అని తడుతుంది. మెదడు మరిచిపోయిన కబురు అదే. కొన్నాళ్లు తట్టగా తట్టగా, ఈ మాట నాదేనని మెదడు మళ్లీ నేర్చుకుంటుందని వాళ్ల ఆశ. పనిలో పనిగా ఆ కదలికల నుంచి, పదేపదే వచ్చే పొట్టి మాటల్ని పోల్చుకుని ఒక తెర మీద తెలుగులో రాస్తుంది, పొడుగు మాటలు దానికి అందవు.

మొదటిరోజు తెర మీద 'మేం చూస్తున్నాం' అన్న అక్షరాలు పడగానే అమ్మ కొయ్యబారిపోయింది. నా బుర్రలో ఉన్నది మొదటిసారి ఇంకొకరి కళ్లకి కనపడింది. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని, "ఇన్నాళ్లూ ఇయ్యన్నీ ఇంటన్నావేటే తల్లీ" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అబద్ధాలాడుతున్నానని ఇక ఎవరూ అనలేరు కదా.

పట్టీకి పట్టెడ అని, మెడని అంటిపెట్టుకుని ఉండే నగ పేరు పెట్టింది మా అమ్మే. "మా యమ్మ నా పెల్లికెట్టిన పట్టెడ ఇలాగే ఉండీది, ఎదవ ఉక్క" అంది. పరిశోధనశాలలో అందరూ అదే పేరు పట్టుకున్నారు. పట్టెడతో పాటు చిన్న తెర ఒకటి మా ఇంటికి కూడా ఇచ్చి పంపారు.

అసలు చిక్కు అక్కడ వచ్చింది.

తెర రాకముందు అమ్మ పొద్దున్నే కాఫీ ఇస్తూ, "ఏటంటన్నార్రా ఆలు?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. అమ్మ నా తరఫున వాళ్లతో తగువేసుకునేది. "నీ అన్నంలో ఏదో కలిపినానంటారా? ఇంద, నానూ తింతన్నాను, సూడమను. పనీ పాటా నేదేటి ఆలకి?" అని నా కంచంలోంచి ముద్ద తీసుకుని తినేది. వాళ్లు కాస్త తగ్గేవారు కూడా. మా అమ్మ నోటికి మా వీధంతా తగ్గేది, వాళ్లొక లెక్కా?

తెర వచ్చాక అడగడం మానేసింది. కళ్లజోడు పెట్టుకుని తెర చదువుకునేది. బాగుంటే నవ్వేది, బాగోలేకపోతే గబగబా డాక్టరు గారికి ఫోన్ చేసేది. నాన్న పని నుంచి వచ్చి, నన్ను పలకరించకుండా ముందు తెరని పలకరించేవాడు. పరిశోధనశాలలోనూ అంతే. అందరూ తెర ముందు మూగేవారు, నేను వెనక బల్ల మీద కాళ్లూపుకుంటూ కూర్చునేదాన్ని. వాళ్లది చెడ్డ ఉద్దేశమని నేననను. అడిగినప్పుడు నేను తడబడేదాన్ని, సగం చెప్పి ఆగిపోయేదాన్ని. తెర తడబడేది కాదు.

అడిగి ఉంటే ఒక సంగతి చెప్పేదాన్ని. చెవి వెనక 'టక్' మంటే, అది నా మాటే అన్న గుర్తని వాళ్లనుకుంటున్నారు. నాకేమో అది తలుపు తట్టిన చప్పుడు. టక్‌మన్నాక వాళ్లు మాట్లాడతారు, కాబట్టి తట్టేది వాళ్లే. నేను మాట్లాడేటప్పుడు కూడా తట్టు పడేది, నా మాటకి అడ్డొస్తున్నారనుకునేదాన్ని. పాపం, ఇదివరకు చెప్పాపెట్టకుండా వచ్చేవాళ్లు ఇప్పుడు మర్యాదగా తలుపు తట్టి వస్తున్నారని, నాకు వాళ్ల మీద కొంచెం నమ్మకం కూడా కుదిరింది.

ఒకరోజు తెర మీద కొత్త మాట పడింది.

పోతాం.

అమ్మ సంతోషంతో గావుకేక పెట్టింది. వీధిలోకి పరిగెత్తి నాన్నకి ఫోన్ చేసింది. మర్నాడు అదే మాట. ఆ మర్నాడూ అదే. పోతాం, పోతాం, బేగి పోతాం. పరిశోధనశాలలో మిఠాయిలు పంచుకున్నారు. జోగారావు గారు అంత పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. పరికరం కట్టుకున్న వాళ్లలో గొంతులు తమంతట తాము సెలవు తీసుకోవడం నాతోనే మొదలట. పట్టెడ విప్పేసే రోజు నిర్ణయించారు. మాత్రలు కూడా కాస్త తగ్గిద్దామన్నారు.

నాకు వినపడుతున్నది ఆ మాట కాదు.

పోదాం అంటున్నారు వాళ్లు. బేగి పోదాం. నువ్వూ రా. మీ అమ్మ విశాఖపట్నం స్టేషన్లో నీళ్ల బాటిల్ కొనడానికి వెళ్తుంది, అప్పుడు అవతలి ప్లాట్‌ఫారం మీదున్న రైలెక్కి పోదాం. ఎక్కడికని అడిగితే చెప్పేవారు కాదు. ఎవరికైనా చెప్తే మీ నాన్న మీద దిమ్మలు పడతాయన్నారు. అందుకని నోరు మెదపలేదు. అందరూ తెర చూసి అంత సంతోషపడుతుంటే, వాళ్లకీ అంతా తెలిసే ఉంటుంది, నన్ను పంపించేయడానికే సిద్ధపడ్డారనుకున్నాను. అమ్మ నవ్వుతూ నా జడ వేస్తుంటే, వదిలించుకుంటున్నందుకు ఎంత సంతోషమో అనుకున్నాను.

పట్టెడ విప్పే రోజున నాన్న ఒక బెల్లం దిమ్మ గోనెగుడ్డలో చుట్టి పంపాడు, పరిశోధనశాలలో అందరికీ పంచమని. షకీలా అక్క అప్పటికప్పుడు ఒక ముక్క కొట్టుకుని నోట్లో వేసుకుంది. తర్వాత నా మెడ వెనక్కి వచ్చి పట్టెడ ముడి విప్పబోయింది. తెర మీద పొద్దున్నుంచీ ఒకటే మాట. డాక్టరు గారు పక్క గదిలో కాగితాల మీద సంతకాలు చేస్తున్నారు.

అప్పటికే నా మనసు స్టేషన్లో ఉంది. వీళ్లని మళ్లీ చూడను కదా, మర్యాదగా చెప్పాలి కదా అని లేచి నిలబడ్డాను.

"పోతాను అక్కా" అన్నాను.

అమ్మ నా భుజం మీద ఒక్కటి వేసింది. "సుబమా అని బయల్దేర్తూ పోతానంటావేటే? ఎల్లొత్తానను. మనింటా వంటా ఆ మాట ఎవులన్నారు? కోపవొచ్చి ఎలిపోయే సుట్టాలు కూడా ఎల్లొత్తామనే అంటారు."

షకీలా అక్క చెయ్యి నా మెడ మీద ఆగిపోయింది.

"ఏమన్నారమ్మా?"

"మీకు గాదు మేడం, ఈ గుంటకి సెప్తన్నాను. ఎల్లేటపుడు పోతాననకూడదని."

"మీ ఇంట్లో ఎవరూ అనరా ఆ మాట?"

"ఎవులంటారు? సచ్చిపోయే మాట గదా అది!"

అక్క తెర వైపు చూసింది. "రత్నం ఇంట్లో ఎవరూ అనని మాట రత్నం గొంతులకి ఎక్కడిది?" అంది. తర్వాత తన గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని పైకి "పోతాం" అంది. వేళ్లు తీయకుండా "పోదాం" అంది. మళ్లీ "పోతాం", మళ్లీ "పోదాం". ఆవిడకి మతిపోయిందేమో, నా పక్కన ఇంకో మంచం వేయాలేమో అనుకున్నాను. ఆ తర్వాత శబ్దం రాకుండా పెదవులు మాత్రం కదిపింది. ఆ పెదవులు చూస్తే రెండిట్లో ఏది అంటోందో నాకు తెలియలేదు. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పైకి అంటేనే గొంతు అదురుతుంది. ఆ అదురే త-కీ ద-కీ తేడా. మనసులో అనుకుంటే అదురుండదు. పట్టెడకి రెండూ ఒకటే" అంది, ఎవరికో చెబుతున్నట్టు. "రెండిట్లో ఏదో ఒకటి రాయాలి. అది రాసింది. మాకు కావలసింది అదే, అందుకని నమ్మేశాం."

అమ్మకి ఏమీ అర్థం కాలేదు, కానీ నా చెయ్యి పట్టుకుంది. షకీలా అక్క తెర ముఖాన్ని గోడవైపు తిప్పేసి, నా ఎదురుగా నేల మీద మఠం వేసుకు కూర్చుంది.

"రత్నం, నన్ను చూడు. వాళ్లు ఏమంటున్నారు? నువ్వు చెప్పు."

ఎన్నాళ్లయిందో నన్నెవరైనా ఆ మాట అడిగి! వాళ్లు 'చెప్పకు, చెప్పకు' అని అరుస్తున్నారు, టకటకా తలుపు బాదుతున్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్లజోడు తీసేసింది.

"సెప్పే తల్లీ. ఏటంటన్నార్రా ఆలు?"

"పోదాం అంటన్నారమ్మా" అన్నాను. "నువ్వు నీల్లకెల్తే రైలెక్కి పోదాం అంటన్నారు. సెప్తే నాన్న మీద దిమ్మలు పడతాయంటన్నారు."

అమ్మ నన్ను రెండు చేతులతో చుట్టేసుకుని అక్కడే కూలబడింది.

"వాళ్లు ఎలా వస్తారు రత్నం? వచ్చేముందు ఏమవుతుంది?" అని అక్క అడిగింది.

"తలుపు కొడతారు కదక్కా" అన్నాను, చెవి వెనక చూపించి.

అక్క కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి, మెల్లగా అంది, "ఒక్క పని చేస్తావా? ఈసారి వాళ్లు పోదాం అన్నప్పుడు, నువ్వు కూడా వాళ్లతో కలిసి పైకి అను. పాటకి వంత పాడినట్టు. రెండు తట్లు వస్తాయో, ఒకటే వస్తుందో చూడు."

భయమేసింది. అమ్మ నా వీపు నిమురుతూనే ఉంది. గోనెగుడ్డలో బెల్లం మీద చీమలు చేరుతున్నాయి.

టక్.

పోదాం, అన్నారు వాళ్లు. "పోదాం" అన్నాను నేను, రెండో అక్షరం దగ్గర వాళ్లని అందుకుని.

తట్టింది ఒక్కసారే. నా నోటికీ వాళ్ల మాటకీ కలిపి ఒక్కటే తట్టు. మళ్లీ అన్నారు, మళ్లీ అన్నాను. ఒక్కటే. నేను ముందు అంటే వాళ్లు వెనక రాలేకపోయారు. నేను కావాలని "ఇడ్లీ" అన్నాను. టక్. అదే తట్టు, అదే చోట. తలుపవతల నిలబడ్డది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నా తలుపు నేనే తట్టుకుంటున్నానని అమ్మతో చెప్పి, ఏడుస్తూ నవ్వాను.

జోగారావు గారు సంతకాలు వదిలేసి వచ్చారు. అక్క చెప్పిందంతా నిలబడే విన్నారు. తర్వాత ఆయనా వచ్చి నేల మీద కూర్చున్నారు, ఇస్త్రీ ప్యాంటు నలిగిపోతుందని కూడా చూసుకోలేదు.

"అమ్మా, తప్పు జరిగింది. తెరని చదివాం గానీ పిల్లని అడగలేదు. ఈ సాయంత్రం పిల్ల ఆ రైలెక్కేసి ఉంటే..." అని ఆపేశారు.

"ఎక్కనేదు గదా బాబూ" అంది అమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని, "అడిగినారు. అదే సాలు మాకు" అంది.

పెద్దవాళ్లు తమది తప్పని చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూసింది తక్కువ. వాళ్ల మీద నాకు అప్పుడు కోపం రావాలేమో. రాలేదు. ఆ తప్పుని దాచేసుకుని పట్టెడ విప్పేసి పంపేయొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. అలా చేయలేదు. అందుకు వాళ్లిద్దరికీ నేనెప్పుడూ కృతజ్ఞురాలినే.

ఆ రోజు మేము ఇంటికి వెళ్లలేదు. ఆస్పత్రిలో ఉంచుకుని మాత్రలు సరిచేశారు. పట్టెడ ఉంచారు, ఇంట్లో తెరని మాత్రం వెనక్కి తీసుకున్నారు. రోజూ షకీలా అక్క దగ్గర కూర్చుని, వాళ్లు అన్నది నా నోటితో అనడం, ఒక్క తట్టే వస్తోందని చూసుకోవడం, ఇదే నా వైద్యం. మొదట్లో వాళ్ల మాట నేను అనేదాన్ని. పోనుపోను నేను అన్న మాట వాళ్లు అనడం మొదలుపెట్టారు. 'మేం' తగ్గింది, 'మనం' వచ్చింది. మనం స్నానం చెయ్యలేదు, మనకి నిద్రొస్తోంది అనేవారు. మేం అనే మాటలో నేను లేను, మనం అనే మాటలో ఉన్నాను. ఈ తేడా మన భాషలో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా జబ్బు తగ్గుతోందని నాకే తెలిసేది కాదని అక్క అంటుంది. తర్వాత పరికరం కట్టుకున్న వాళ్లందరినీ తెర చూడకముందు నోటితో అడగడం అక్కడ నియమమైంది.

అమ్మ పొద్దున్నే మళ్లీ అడగడం మొదలుపెట్టింది. తగువులూ మొదలయ్యాయి. "బట్టలుతకడం రాదంటన్నారా నాకు? ఆలనే ఉతకమను!" అనేది. ఒకరోజు నేను, "అమ్మా, ఆలు కాదు, నేనే అంటున్నానట కదా" అంటే, "అయితే నువ్వే ఉతుకు" అని బకెట్టు నా చేతికిచ్చింది.

అంతా సుఖాంతమని చెప్పను. మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను, వాటితో ఒళ్లు వచ్చింది. పరీక్షల ముందు, నిద్ర చాలనప్పుడు ఇంకా ఎవరో గుసగుసలాడినట్టుంటుంది. అప్పుడు ఆగి, పెదవులు కదిపి, ఆ మాట నేనే అని చూసుకుంటాను. కాలేజీలో ఒక ఏడాది వెనకబడ్డాను. కెమిస్ట్రీ మేడం నన్ను చూసి, ఏమీ అడక్కుండా ముందు బెంచీలో చోటు చూపించింది. ఆవిడకి కూడా నా దణ్ణాలు.

ఒకటి మాత్రం చెప్పాలి. పట్టెడ విప్పేశాక, వర్షాకాలం మధ్యాహ్నం, కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. లోపల అమ్మ మిషన్ టకటకలాడుతోంది. ఇంట్లో పులుసు వాసన.

నాకు ఆకలేస్తోంది, అని వినపడింది.

చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరన్నారు? వెనక్కి తిరిగి చూశాను, వీధిలో ఎవరూ లేరు. చెవి వెనక తట్టేదేమీ లేదు. పెదవులు కదిపి చూసుకోవాల్సిన పని కూడా పడలేదు. వాళ్లెవరికీ ఆకలి ఉండేది కాదు, అన్నం తినొద్దనేవాళ్లే అందరూ. 'నాకు' అన్న మాట వాళ్లెప్పుడూ అనలేదు. కడుపులో నిజంగానే ఎలకలు పరిగెడుతున్నాయి.

"అమ్మా" అన్నాను. "నాకు ఆకలేస్తందే."

మిషన్ ఆగింది. తర్వాత అమ్మ గొంతు బొంగురుగా వినపడింది.

"కాలు కడుక్కుని రాయే. వడ్డిత్తన్నాను."